నిమ్మకాయల మేస్త్రి

ఆ రోజు నేను బ్రేకు మీద నుంచి కాలు తీశాను. తీసి, తీయలేదని చెప్పాను. మొదటిది తెలియక చేసిన తప్పు. రెండోది తెలిసే చేశాను.

మొన్న చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో పోతుంటే, చంద్రగిరి ఇవతల నా వెనక సీటులో ఒకాయన తన భార్యకు కిటికీలో నుంచి ఏదో చూపిస్తున్నాడు. "అదో, ఆ రేకుల షెడ్డు సూడు. ఆడనే దొరసాని దయ్యం కారును తోలి మేస్త్రి కాలు తొక్కించింది. బండిలో మనిషే లేడంట." ఆ కథ పుట్టింది నా నోట్లోనే. తల తిప్పి చూశాను. షెడ్డుకు తాళం వేసి ఉంది. పగటిపూట ఆ తలుపు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. బస్సు ఆపించి దిగాను.

ఎదురుగా టీకొట్టు అక్క నన్ను గుర్తుపట్టింది. "పోయినాడు సామీ. పదారు దినాలైపాయ. రేత్రి పనుకున్నోడు పొద్దున లెయ్యలేదు" అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికి ఉండగా పేరుతో పిలిచిన వాళ్ళే తక్కువ. బండ్లు బాగుచేసే ఆయన అందరికీ నిమ్మకాయల మేస్త్రి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు నేను మద్రాసులో ఒక పాత అమెరికా కారు కొన్నాను. లేత పచ్చ రంగు, పడవంత పొడుగు, స్టీరింగు ఎడమ పక్క. క్లచ్ పెడలు లేదు. గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. చిత్తూరులో నాకు మామిడి మండీ ఉండేది. ఆ ఏడు కాపు బాగా వచ్చింది. నలుగురూ చూడాలని కొన్నాను, అంతకు మించి కారణం లేదు. ఎవరో దొరసాని వాడిన కారు అని అమ్మినవాడు చెప్పాడు. ఆ మాట నిజమో కాదో తెలుసుకోకుండా ఊరంతా చెప్పుకు తిరిగాను.

రెండు నెలలు బాగానే తిరిగింది. తర్వాత పాకాల దాటాక ఎత్తు ఎక్కుతూ ఇంజను గట్టిగా అరిచేది, కారు మాత్రం కదిలేది కాదు. గంట సేపు చెట్టు కింద పెడితే ఏమీ జరగనట్టు మళ్ళీ పోయేది. చిత్తూరు మెకానిక్కులు బానెట్ తెరిచి చూసి, మూసి, "మాకు తెల్దు సామీ, దీనికి క్లచ్చే లేదు గదా" అన్నారు. ఒక లారీ డ్రైవరు ఈయన షెడ్డు గుర్తులు చెప్పాడు.

నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. షెడ్డులో అడ్డంగా కట్టిన తీగ మీద అరచేయంత తెల్లగుడ్డ ముక్కలు వరసగా ఆరేసి ఉన్నాయి. ఒక్కొక్క దాని మధ్యలో ఒక మరక. కొన్ని ఎర్రగా, కొన్ని ఎండిన నెత్తురు రంగులో, కొన్ని నల్లగా. గాలి లేదు, అయినా ఒక ముక్క మెల్లగా తిరుగుతోంది. నాకు లోపలికి పోబుద్ధి కాలేదు.

ఆయన బయటికి వచ్చాడు. బక్కపలచని మనిషి, తెల్లటి గడ్డం, ఖాకీ నిక్కరు. నన్ను పలకరించలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు పక్కకు వచ్చినప్పుడు మాత్రం దూరంగా జరిగి, రోడ్డు మీదికి దిగి, చుట్టు తిరిగి పోయాడు. ఆయనకు అదొక నియమం. నడిచే బండి ముందర గానీ వెనక గానీ నిలబడడు, ఇంకొకరిని నిలబడనివ్వడు. "ఆడ నిలబడాకండి సామీ. అది సూస్తా ఉండాది" అనేవాడు. నవ్వుతూ అన్నాడేమో అని ముఖం చూస్తే నవ్వు ఉండేది కాదు.

బానెట్ తెరవక ముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"జారేది వేడి మీదనా, సల్లగా ఉన్నప్పుడా?"

"వేడి మీద."

"ఎనక్కి పోయేటప్పుడు?"

"అప్పుడూ జారుతుంది."

"లివరు ఏసినాక ఎంతసేపటికి పట్టుకుంటాది?"

"పొద్దున పూట ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంత సేపు."

"అంతసేపు అది ఏం జేస్తా ఉంటాదనుకుంటారు?"

నాకు తెలియదన్నాను.

"ఆలోచిస్తా ఉంటాది" అన్నాడు. "మామూలు బండిలో ఆలోచన మనిషిది. దీంట్లో నూనెది. నూనె నిండినాకే గేరు. నూనె చెడితే దాని బుద్ధి చెడతాది."

ఇంజను తిరుగుతుండగానే గేరుపెట్టె నూనె చూసే పొడుగాటి కడ్డీ పైకి లాగి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. తెల్లగుడ్డ మీద ఒక్క బొట్టు వేసి, అది విచ్చుకునే దాకా కదలకుండా నిలబడ్డాడు. ఎర్రగా ఉండాల్సింది ఇటుక రంగులో, అంచున నల్లటి గీతతో విచ్చుకుంది. "మాడినాది. ఎవురో దీంట్లో లారీ నూనె గూడా పోసినారు" అన్నాడు. పోసింది నా డ్రైవరే. పోయమని చెప్పింది నేను. ఆ గుడ్డను తీసుకుపోయి తీగ మీద వేశాడు. నా కారుది అక్కడ వేలాడుతుంటే నాదే ఏదో అక్కడ వేలాడుతున్నట్టు అనిపించింది.

గేరుపెట్టె కింది రేకు విప్పి చూపించాడు. అడుగున పొయ్యి మసి లాంటి బురద. అంతా కిరసనాయిలుతో కడిగి, లోపలి పట్టీలు బిగించి, మద్రాసు నుంచి ఎర్ర నూనె తెప్పించి పోశాడు. జారడం పోయింది. పాకాల ఎత్తు గాలిలా ఎక్కింది.

ఇంకొక జబ్బు మిగిలింది, గేరులో లేకపోయినా కారు ఒక్కోసారి మెల్లగా జరిగేది. దాని కోసమే నిమ్మకాయలు.

కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం అందరూ చేసేదే. ఈయన పూజకు పెట్టడు. చెంబుతో నీళ్ళు పోసి, నీళ్ళు ఎటూ పారని చోటు వెతికి, అక్కడ కారు నిలిపి, ఒక్కొక్క చక్రానికి ముందొక కాయ, వెనకొక కాయ ఆనించి పెట్టేవాడు. ఇంజను వేసి, లివరు గేరులో లేకుండా పెట్టి, అందరినీ దూరంగా పంపి, గుంజకు ఆనుకుని కూర్చునేవాడు. ఎవరూ మాట్లాడకూడదు. ముందు కాయ నలిగితే లోపల ఏదో వదలకుండా పట్టుకుని ఉంది. వెనక కాయ నలిగితే లివరు ఒకటి చెబుతోంది, గేరుపెట్టె ఇంకొకటి వింటోంది. ఎంత నలిగితే అంత జబ్బు.

మొదటిసారి నా కళ్ళతో చూశాను. ఎండలో, నట్టనడి పగలు, లోపల ఎవరూ లేని కారు ఇంజను కొట్టుకుంటూ నిలబడి ఉంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వెనక కాయ మీద చిన్న చెమట పట్టినట్టయింది. తొక్క పగిలింది. రసం మట్టిలోకి కారింది. చక్రం తిరిగినట్టే కనిపించలేదు.

"కోడిగుడ్డు పెట్టొచ్చు సామీ, ఇంకా బాగా తెలుస్తాది" అన్నాడాయన గుసగుసగా. "పారెయ్యాలంటే మనసు రాదు. ఇదైతే నీళ్ళల్లోకి పనికొస్తాది."

నిజంగానే ఆ కాయలు ఏరి, కడిగి, ఉప్పు వేసి నిమ్మనీళ్ళు కలిపేవాడు. నాకొక గ్లాసు ఇచ్చాడు. ఆయన అటు తిరిగినప్పుడు షెడ్డు వెనక పారబోశాను. ఆయన చూశాడనే అనుకుంటాను. మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు.

అది అరవవాళ్ళ పెరటాసి నెల. మండీలో పని లేని కాలం. ఆ రోజు శనివారం. జబ్బు ఎక్కడుందో ఇంజను బాగా వేడెక్కి ఉండగా, అది లాగుతుండగా, కింద నుంచి చూస్తే తప్ప దొరకదన్నాడు. లివరు పార్కు దగ్గర పెట్టించాడు. పార్కులో ఉంటే కారు రాయిలా ఉండాలి. వేడి మీద అప్పుడప్పుడు ఉండటం లేదు. నన్ను సీటులో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాడు.

"చక్రాలకు రాళ్ళు పెట్టవా మేస్త్రీ?"

"రాయి పెడితే అది ఎంత లాగతాదో తెల్దు. లాగితే మీ కాలికి తెలుస్తాది, అప్పుడు నాకు జెప్పండి. మీ కాలే నాకు రాయి సామీ. తీయాకండి."

గోనెసంచి పరుచుకుని కుడి పక్క నుంచి కారు కిందికి దూరాడు. తల నా సీటు కింద, కాళ్ళు అటు పక్క బయటికి. ఎడమ కాలు ముందు చక్రానికి దగ్గరగా ఉంది. నా పక్క రోడ్డు.

ఎంతసేపు కూర్చున్నానో. ఇంజను కొట్టుకుంటోంది. కింద నుంచి ఇనుము మీద ఆయన గోటితో కొట్టే చప్పుడు. మధ్యమధ్యలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొంతు. నాతో కాదు. "యాడ దాంకోనుండావు? రా, బయటికి రా" అని చాలా మెత్తగా, మొండి పిల్లను పిలిచినట్టు.

అప్పుడు గోవింద నామాలు వినిపించాయి. అరవదేశం నుంచి కొండకు నడిచి పోయే వాళ్ళు, పసుపు బట్టలు, ముందర ఇద్దరు స్వామి పటాన్ని పల్లకిలో మోస్తున్నారు. వాళ్ళు ఎదురైతే బండి దిగి, చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా నాయన నేర్పించింది. అలవాటుగా చెయ్యి తలుపు మీదికి పోయింది. అంతవరకే అయితే భక్తి అని చెప్పుకునేవాణ్ణి. కానీ గుంపులో నలుగురైదుగురు కారు వైపు వింతగా చూస్తున్నారు. అంత పెద్ద కారులో నుంచి ఉత్త కాళ్ళతో దిగి దండం పెట్టే మనిషిగా వాళ్ళకు కనిపించాలనుకున్నాను. అదీ నిజం. దిగాను. చెప్పులు విడిచాను. కళ్ళు కూడా మూసుకున్నాను.

"దొరికె!" అని కింద నుంచి ఆయన కేక వినిపించింది. సంతోషంగా. వెంటనే ఇంకొక కేక.

కళ్ళు తెరిచేసరికి కారు నా పక్క నుంచి వెనక్కి పోతోంది. వడివడిగా కాదు, ఎవరో లోపల కూర్చుని జాగ్రత్తగా నడుపుతున్నట్టు. రెండు మూడడుగులు పోయి, వెనకనున్న రాతి తొట్టికి ఆనుకుని ఆగింది. ముందు చక్రం ఆయన ఎడమ కాలి మీద ఉంది. భజన చేసే వాళ్ళు పాట హోరులో మా అరుపులు వినకుండానే సాగిపోయారు.

టీకొట్టు దగ్గరి మనుషులు పరుగెత్తుకు వచ్చారు. వాళ్ళు చూసింది ఇది. కారులో మనిషి లేడు. లివరు పార్కు దగ్గరే ఉంది. అయినా కారు ఇంకా వెనక్కి పోవాలని తొట్టిని నెడుతూ వణుకుతోంది. నేను పక్కన నిలబడి ఉన్నాను.

తాళం తిప్పి ఇంజను ఆపాను. అందరూ కలిసి కారును ముందుకు నెట్టి ఆయన్ని బయటికి లాగారు. "ఏమైంది సామీ, మీరు లోపలే గదా ఉన్నింది?" అని ఎవరో అడిగారు.

"బ్రేకు తొక్కే ఉన్నానప్పా" అన్నాను. "ఎవరో నా కాలు పట్టుకుని పక్కకు లాగినట్టయింది. తలుపు తెరుచుకుని బయట పడ్డాను."

ఒక్క వాక్యం చాలింది. మిగతాది వాళ్ళే అల్లుకున్నారు. దొరసాని కారు అని ఊరికి చెప్పింది నేనే కదా.

విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు వేయించడానికి తీసుకుపోయే వ్యానులో ఆయన స్పృహలోనే ఉన్నాడు. నా ముఖం వైపు చూసి ఒక్కటే చెప్పాడు. "లివరు కడ్డీ మొదట్లో దాన్ని కదలకుండా పట్టే బుష్షు లేదు సామీ. అరిగి రాలిపోయినాది. మీరు పైన పార్కు అంటే కింద అది సగంలో నిలబడతాది. వణుక్కి జారి ఎనక గేర్లో పడతాది. అంతే." కాలు గురించి ఏమీ అనలేదు.

నెల రోజులు నేను అటు పోలేదు. కారు అక్కడే ఉండిపోయింది. ఖర్చులకు మనిషి చేత పంపించాను, అంతటితో సరిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. షెడ్డు ముందు నా కారు తప్ప ఇంకే బండీ లేదు. దాని చుట్టూ ఎవరో పసుపు నీళ్ళు చల్లి, పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలు వదిలిపోయారు. టీకొట్టు అక్క నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఒక్క లారీ నిలబళ్ళేదు సామీ ఈ నెల్లో. హారను కొట్టుకుంటా పోతారు. ఆ నిమ్మకాయలతో పిలిస్తే వచ్చినాదంటారు. స్థలం ఆసామి వచ్చి ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యమనె. యాడికి పోతాడు, ఆ కాలేసుకోని?"

ఆయన లోపల మంచం మీద ఉన్నాడు. కాలికి వెదురుబద్దల కట్టు. తలపైన తీగ మీద అన్ని గుడ్డలూ అలాగే ఉన్నాయి. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. ఏమీ అడగకుండానే ఆయన చెప్పాడు.

"మీ పాదాలు సూసినాను సామీ. నా మొగానికి మూరెడు దూరాన. చెప్పులు గూడా ఇడిసినారు."

"మరి ఎవరికీ చెప్పలేదేం మేస్త్రీ?" అన్నాను.

"నేను జెప్తే, బండి సూసుకోలేక మంది మీద తప్పు ఏస్తాండాడంటారు. అది జెప్పాల్సింది నేను గాదు గదా."

లేచి నేరుగా టీకొట్టుకు పోయాను. పదిమంది ఉన్నారు. అందరికీ వినపడేలా చెప్పాను. దయ్యం లేదు, ఎవరూ నా కాలు లాగలేదు, నేనే దిగాను, పల్లకి చూసి దిగాను, తర్వాత అబద్ధం చెప్పాను అని.

నా పక్కన కూర్చున్న వాడు బెంచీ మీద కొంచెం అవతలికి జరిగాడు. అక్క నా ముఖంలోకి తేరిపార చూసింది.

"ఆ పొద్దు మీ కాలు పట్టుకొనింది" అంది. "ఇప్పుడు నాలిక పట్టుకొనిందా సామీ?"

ఇంకెవరో, "కొండకు పోయి గుండు కొట్టించుకోండి సామీ, వదిలి పోతాది" అన్నారు, జాలిగా. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్ళు అంత దూరం జరిగారు. నేను పుట్టించిన దాన్ని నా నోటితో చంపలేనని అప్పుడు తెలిసింది.

తిరిగి షెడ్డుకు వచ్చాను. "బుష్షు నేను వేస్తాను మేస్త్రీ. వాళ్ళందరి ముందర. ఇంజను తిరుగుతుండగా నేను కింద పడుకుంటాను. నువ్వు బ్రేకు మీద కూర్చుంటావా?"

ఆయన పైన గుడ్డల వైపు చూశాడు.

"పంచ మాసిపోతాది."

"మాసిపోనీ."

"దాని కింద బయమైతాది సామీ."

"తెలుసు."

"తెల్దు" అన్నాడు. తలగడ కింద నుంచి ఒక చిన్న తోలు బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. బియ్యం మిల్లు బెల్టు ముక్కను గుండ్రంగా కోసి, మధ్యలో రంధ్రం చేసి, ఆముదంలో నానబెట్టాడు. మంచం మీద ఉండి ఎప్పుడు చేశాడో.

మరుసటి శనివారం పొద్దున పది గంటలకు నేనూ నా డ్రైవరూ ఆయన్ని మోసుకొచ్చి సీటులో కూర్చోబెట్టాం. కట్టు కట్టిన కాలు తలుపు పక్కకు చాపి, కుడి కాలు బ్రేకు మీద పెట్టాడు. టీకొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు, దగ్గరికి రాలేదు. నేను గోనెసంచి మీద పడుకుని కిందికి జరిగాను.

నిజంగానే నాకు తెలియదు. కింద వేడి ముఖాన్ని కాలుస్తుంది. నూనె తిరిగే చప్పుడు ఎవరో చీకట్లో నీళ్ళు గుటకలు వేస్తున్నట్టు ఉంటుంది, తలకు అంత దగ్గరగా. అక్కడి నుంచి మనుషులు కనిపించరు. పాదాలే కనిపిస్తాయి. ఆయన చెప్పిన కడ్డీ దొరికింది. దాని మొదట్లో ఖాళీ రంధ్రం, అరిగి గుడ్డులా సాగింది. వేలితో తాకానో లేదో అది నా చేతి కింద పురుగులా జారింది. కారంతా ఒక్కసారి వెనక్కి ఒరిగింది. రోడ్డవతల పాదాలన్నీ వెనక్కి జరిగాయి.

కారు కదల్లేదు. పైన ఆ కాలు ఉంది. అది తీసేస్తే నేను ఎవరికీ ఏమీ ఫిర్యాదు చేయగలిగిన వాణ్ణి కాదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "సూసినారా సామీ?" అని పై నుంచి మామూలు గొంతుతో అడిగాడు.

"చూశాను. ఇంజను ఆపు."

బిళ్ళ ఎక్కించడానికి అర్ధగంట పట్టింది. వేళ్ళు చీరుకుపోయాయి. ఆయన పై నుంచి చెబుతూనే ఉన్నాడు, కుడికి, కొంచెం లోపలికి, అట్ల గాదు, మెత్తగా పిలవండి, వస్తాది అని. బిళ్ళ కూర్చోగానే టక్కుమని శబ్దం వచ్చింది. మళ్ళీ ఇంజను వేయమన్నాను. లివరు పార్కులో పెట్టమన్నాను. వేడెక్కేదాకా ఇద్దరం ఆగాం.

"బయటికి రాండి సామీ, కాలు తీస్తాను."

"ఇక్కడే ఉంటాను. తీయి."

"వద్దు సామీ."

"తీయి మేస్త్రీ."

పెడలు పైకి లేచిన చప్పుడు నా నుదుటికి పైన వినిపించింది. కళ్ళు మూసుకోకూడదనుకున్నాను. కారు వణికింది. వణుకుతూ ఉన్నచోటే ఉంది. ఊపిరి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టి, ఎక్కడో లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టాను. పాదాలు ఒక్కొక్కటిగా రోడ్డు దాటి దగ్గరికి వచ్చాయి. మెట్టెలున్న పాదాలు రెండు కారు ముందు నుంచి, నడిమధ్యగా, అటు పక్కకు దాటి, మళ్ళీ ఇటు నడిచి వచ్చి నా తల దగ్గర ఆగాయి. గాజుల చెయ్యి ఒకటి కిందికి వంగి, టీ గ్లాసును నేల మీద నా వైపు తోసింది.

"ఇంక లేయండి సామీ" అంది అక్క. "సల్లారిపోతాది."